బండి ముచ్చట: పాత ఇంజన్ల ఎంత చిక్కటి ఆయిల్ పొయ్యాలె?

ఈ నెల వచ్చిన ప్రశ్నలల్ల సగానికి మీద ఒక్క సంగతే ఉంది, బండి పాతదయ్యింది ఇగ చిక్కటి ఆయిల్ పొయ్యాల్నా అని. ఎండలు ముదిరినయి గదా, నల్లగొండల, మిర్యాలగూడల మధ్యాహ్నం 44, 45 కొడుతుంటే ఎవరికైనా ఇంజన్ మీద బుగులు పడుతది. అందుకే బ్రేకులు, బ్యాటరీల ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఈసారి మొత్తం ఆయిల్ గురించే రాస్తున్న.

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఊరు. మా నాయన 1998ల కొన్న స్ప్లెండర్, ఏపీ 24 నంబర్ బండి, ఇప్పుడు నేను నడుపుతున్న. మొదటి నుంచి 20డబ్ల్యూ40 పోస్తున్నం. మెకానిక్ అన్నేమో ఇంజన్ పాతదైంది 20డబ్ల్యూ50 పొయ్యి, సౌండ్ తగ్గుతది అంటున్నడు. షాపుల అడిగితే ఇప్పుడు కొత్త స్ప్లెండర్లకు 10డబ్ల్యూ30 నే, నువ్వు కూడ గదే పొయ్యి అంటున్నరు. పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు జర పొగ వస్తది, తర్వాత రాదు. ఎవరి మాట వినాలె అన్నా?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటల కూడ కొంత నిజం ఉంది, గని ఇద్దరూ నీ ఇంజన్ చూసి చెప్పలే. ఒకరు బండి వయసు చూసి చెప్పిన్రు, ఒకరు డబ్బా మీద రాసింది చూసి చెప్పిన్రు. ముందుగాల ఆ నంబర్లు ఏం చెప్తున్నయో చూద్దాం, అప్పుడు నీకు నువ్వే తేల్చుకోవచ్చు.

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం అన్నట్టు. దాని ముందున్న నంబర్ చలిల ఆయిల్ ఎంత మంచిగ కదుల్తదో చెప్తది. 20డబ్ల్యూ ఆయిల్‌ని సున్నా కింద 15 డిగ్రీల కాడ పరీక్ష పెడ్తరు, 10డబ్ల్యూ అయితే సున్నా కింద 25 కాడ. మన నల్లగొండ జిల్లాల సంక్రాంతి ముందు తెల్లారగట్ల ఎంత వణికినా నీళ్లు గడ్డకట్టే చలి రాదు, అందుకే ఆ ముందు నంబర్ గురించి మనం అంత ఫికర్ చేసే పని లేదు. ఒక్కటి మాత్రం ఉంది, ముందు నంబర్ చిన్నగున్న ఆయిల్ పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనే పైన హెడ్ దాకా జర జల్దీ ఎక్కుతది, అక్కడ వాల్వులను తెరిచి మూసే కామ్‌కు రాకర్లకు తడి జల్దీ తగుల్తది.

మనకు అసలు పని ఉన్నది ఎనకున్న నంబర్‌తోని. అది 100 డిగ్రీల వేడిల ఆయిల్ ఎంత చిక్కగ నిలబడ్తదో చెప్పే లెక్క. సెంటీస్టోక్స్ అనే కొలతల చెప్తరు, అంకె పెద్దదయితే ఆయిల్ చిక్కటిది. 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఇప్పుడు దీంట్ల ఉన్న మతలబు చూడు. 40 అని రాసిన రెండు డబ్బాలల్ల ఒకటి 13 ఉండొచ్చు, ఇంకొకటి 16 ఉండొచ్చు, 50 అని రాసిన దాంట్ల పల్చటిది 17 ఉండొచ్చు, అంటే చిక్కటి 40కీ పల్చటి 50కీ నడిమిట్ల ఉన్న తేడా కంటే రెండు 40ల నడిమిట్ల తేడానే ఎక్కువ. మరి 40 నుంచి 50కి మారంగనే ఇంజన్ కొత్తదైనట్టు చెప్పుకునుడు ఎంత నిజమో నువ్వే ఆలోచించు.

సౌండ్ తగ్గుతది అన్నది మాత్రం అబద్ధం కాదు. అరిగిన సందులల్ల చిక్కటి ఆయిల్ మెత్త లెక్క నిలబడ్తది, ఇనుము ఇనుముకు కొట్టుకునే చప్పుడు మనకు తక్కువ వినిపిస్తది. గని అరుగుడు ఎక్కడ ఉండెనో అక్కడనే ఉంటది, చెవికి మూత పెట్టినట్టే తప్ప రోగం పోదు. పైంగ ఆ చిన్న ఆయిల్ పంపు చిక్కటి ఆయిల్‌ని సన్నటి దారులల్ల తోసుడు కష్టం, పొద్దుగాల మొదటి కిక్కుకు పైన కామ్ కొన్ని సెకన్లు ఎక్కువ ఎండిపోయి తిరుగుతది, బండి జర బరువుగ లాగుతది, మైలేజ్ కూడ కొద్దిగ పడుతది.

ఇగ నీ పొగ సంగతి. పొద్దుగాల ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతున్నదంటే అది ఎక్కువ మటుకు వాల్వ్ సీల్ పని. రాత్రంత హెడ్‌ల ఉన్న ఆయిల్ వాల్వ్ కాండం ఎంబడి చుక్క చుక్క కిందికి దిగుతది, పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనే అది కాలి పొగయితది, అంతే. పిస్టన్ రింగులు, పిస్టన్ ఆడే బోరు పోతే పొగ గట్ల రాదు, ఎక్కుడు ఎక్కుతున్నప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగ తిప్పి లాగుతున్నప్పుడు ఎనక అంత నీలంగ వస్తుంటది, ఎనక వచ్చేటోళ్లు ముక్కు మూసుకుంటరు. ఇంకొక గుర్తు చెప్త, బండి వేడెక్కినంక దిగుడుల యాక్సిలరేటర్ వదిలి గేర్‌ల పోనిచ్చి, కింద మల్ల ఒక్కసారి తిప్పు, అప్పుడు బుస్సుమని ఒక్క గుబ్బ పొగ వచ్చి ఆగితే మల్ల సీలే. సీల్ మార్చుడు హెడ్ దించే పని, అయినా బోరు పిస్టన్ చేయించే ఖర్చు ముందట అది చానా చిన్నది.

నాకు ఈ విషయంల ఒక దెబ్బ తగిలింది, అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్న. నేను సెకండ్ హ్యాండ్ల తీస్కున్న మొదటి బండి కూడ స్ప్లెండరే. పైన టకటక సౌండ్ వస్తుంటే అప్పటి మెకానిక్ 20డబ్ల్యూ50 పోసిండు, సౌండ్ తగ్గింది, నేను సంబురపడ్డ, ఆ ఎండకాలం అంత గట్లనే తిప్పిన. వానలు పడేటప్పటికి టకటక మల్ల మొదలైంది, ఈసారి డబుల్. వేరే షెడ్డుకు పోతే ఆ పెద్దమనిషి ఆయిల్ డబ్బా ముట్టలే, క్లచ్ వైపు కవర్ ఇప్పిండు. స్ప్లెండర్, సీడీ 100 ఇంజన్లల్ల కాయితం ఫిల్టర్ ఉండదు, క్రాంక్ కొసకు గిన్నె లెక్క ఒకటి ఉంటది, అది గిరగిర తిరుగుతుంటే ఆయిల్‌లోని మట్టి, ఇనుప పొడి గిన్నె గోడకు పోయి అతుక్కుంటది. నా బండి గిన్నెల బూడిద రంగు ముద్ద, మెత్తటి బంకమట్టి లెక్క, చాకు మొనతోని గీకితే పలక పలకగ ఊడి వచ్చింది. కింద ఆయిల్ పీల్చే కాడ ఉన్న జల్లెడ సగం మూసుకపోయి ఉంది. అసలే జల్లెడ మూసుకపోయిన ఇంజన్‌కి నేను ఆర్నెల్లు ఇంకా చిక్కటి ఆయిల్ తాగించిన. హెడ్ ఇప్పితే కామ్ మీద గోరు తగిలేటంత గీతలు పడి ఉన్నయి. ఆ కామ్, రెండు రాకర్లు మార్పించాల్సి వచ్చింది.

అందుకని నువ్వు చేసే పని ఇది. ముందు ఆ గిన్నె, జల్లెడ ఎన్నడు కడిగిన్రో మెకానిక్‌ని అడుగు, గుర్తు లేదంటే కవర్ ఇప్పించి కడిగించు, గ్యాస్కెట్ కొత్తది ఏపియ్యి. ఆయిల్ 20డబ్ల్యూ40 నే ఉంచు, డబ్బా మీద జాసో ఎంఏ లేకపోతే ఎంఏ2 అని ఉందో లేదో చూస్కో, అది క్లచ్ జారనియ్యదని చెప్పే గుర్తు. 10డబ్ల్యూ30 చెడ్డది కాదు, దాని కోసం తయారైన బండ్లు దాని మీద లక్ష కిలోమీటర్లు తిరుగుతున్నయి, గని ఇన్నేండ్లు తిరిగి సందులు పెరిగిన ఇంజన్ల, మన ఎండల, ఎనక రెండు యూరియా బస్తాలు పెట్టుకొని లాగే బండికి నేనైతే పొయ్య.

పోసినంక లెవల్ చూసుడు అలవాటు చేస్కో. డబుల్ స్టాండ్ వేసి, బండిని రెండు మూడు నిమిషాలు నడిపి బంద్ చేసి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, గేజ్ తీసి తుడిచి మల్ల పెట్టు, మర తిప్పకు, ఊకె ఆనిచ్చి తియ్యి. మర తిప్పి చూస్తే లెవల్ ఉన్నదాని కన్నా ఎక్కువ కనిపిస్తది, చానా మంది ఇక్కడనే మోసపోతరు. ఆ ఇంజన్ల పట్టేదే లీటర్ లోపు, పావు లీటర్ తగ్గిందంటే పావు వంతు రక్తం పోయినట్టు లెక్క. వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీ కంటే ఎక్కువ తాగుతుంటే అప్పుడు మీ మెకానిక్ అన్న మాట విని ఈ ఎండకాలానికి 20డబ్ల్యూ50 పొయ్యి, రింగులు బోరు చేయించే పైసలు జమయ్యే దాకా అది ఆసరా.

ప్రశ్న: మిర్యాలగూడ మండలం. ట్రాక్టర్‌కి తెచ్చిన డీజిల్ ఇంజన్ ఆయిల్ డబ్బాల రెండు లీటర్లు మిగిలింది, 15డబ్ల్యూ40 అని ఉంది. మా ప్యాషన్ బండికి కూడ 40 నంబరే గదా, పోస్తే ఏమన్న అయితదా? మా తమ్ముడు స్కూటీ ఆయిల్ కూడ పొయ్యొచ్చు అంటడు.

జవాబు: పొయ్యకుండ్రి అన్నా, రెండూ వద్దు. మందం సరిపోయినంత మాత్రాన ఆయిల్ సరిపోయినట్టు కాదు. ట్రాక్టర్ల ఇంజన్ ఆయిల్ ఇంజన్‌ల వరకే, గేర్లకు వేరే ఆయిల్, క్లచ్ ఇంకో దిక్కు. బైక్‌ల అట్ల కాదు, పిస్టన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒక్కటే ఆయిల్ల మునిగి ఉంటయి. ప్లేట్లు ఆయిల్ల తడిసి ఉండి కూడ ఒకదాన్ని ఒకటి గట్టిగ పట్టుకోవాలె, అది పట్టుకుంటదా జారుతదా అని పరీక్ష చేసి జపాన్ వాళ్లు ఇచ్చే గుర్తే జాసో. ఎంఏ, ఎంఏ2 గేర్ల బండ్లకు. ఎంబీ అంటే జారుడు ఎక్కువున్న ఆయిల్, అది గేర్లు లేని స్కూటర్లకు, వాటి క్లచ్ ఆయిల్ల ఉండదు, పొడిగనే తిరుగుతది, అందుకే వాటికి అది మంచిదే. మీ తమ్మునికి ఈ ముక్క చెప్పుండ్రి.

ట్రాక్టర్ ఆయిల్ పోసినోళ్లు మనూర్లల్ల మస్తు మంది ఉన్నరు, మాకేం కాలే అంటరు, కొన్నిటికి కాదు కూడ. గని ఆ డబ్బా మీద మీ క్లచ్ గురించి ఎవరూ హామీ రాయలే. కారు ఆయిల్ అయితే ఇంకా చెడ్డది, 5డబ్ల్యూ30, 0డబ్ల్యూ20 లాంటి వాటిల్ల పెట్రోల్ ఆదా కోసమని జారే మందులు కలుపుతరు. క్లచ్ జారుతుంటే ఎట్ల తెలుస్తదంటే, నాలుగో గేర్‌ల గడ్డ ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ తిప్పంగనే ఇంజన్ గొయ్యిమని అరుస్తది, బండి మాత్రం ముందుకు ఉరకదు. పోసినంక గట్ల అయితే ఎమ్మటే దించి మంచి ఆయిల్ పోపియ్యుండ్రి, ఒక్కోసారి రెండు మార్పులకు ప్లేట్లు మల్ల పట్టుకుంటయి, లేకపోతే ప్లేట్ల సెట్ కొనాల్సిందే. మిగిలిన రెండు లీటర్లు మూత గట్టిగ పెట్టి నీడకు దాచుండ్రి, ట్రాక్టర్‌కే పనికొస్తది.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రోజు హైదరాబాద్ పోయి వస్త, పల్సర్ 150, 2007 మోడల్. షోరూమ్ల కొన్నప్పటి నుంచి 20డబ్ల్యూ50 నే. పికప్ పెరుగుతదని సోపతులు 10డబ్ల్యూ40 ఫుల్ సింథటిక్ పొయ్యిమంటున్నరు. పోస్తే లీకులు అయితయని ఇంకొకరు భయపెడుతున్నరు.

జవాబు: తమ్ముడూ, పోను 80 కిలోమీటర్ల పైన, రాను అంతనే, అది కూడ ఎండల హైవే మీద ఆగకుంట. ఈ తిరుగుడుకు గాలితోని సల్లబడే ఇంజన్ల ఆయిల్ వేడి 100 దాటుడు మామూలు ముచ్చట, మీ కంపెనీ 20డబ్ల్యూ50 చెప్పింది ఊకె కాదు. ఎనక నంబర్ 50 నుంచి 40కి దించకు. కొత్త బండికే 50 చెప్పినప్పుడు 2007 బండికి దించుడు ఏం న్యాయం?

సింథటిక్ అంటే పల్చటిది అనుకుంటున్నరు చానా మంది, అది తప్పు. సింథటిక్ అన్నది ఆయిల్ తయారైన తీరు, మందం వేరే సంగతి. పైసలు పెట్టగలిగితే సింథటిక్లనే 15డబ్ల్యూ50 గని 20డబ్ల్యూ50 గని, జాసో ఎంఏ2 గుర్తున్నది తీస్కో, పొద్దుగాల జల్దీ ఎక్కుతది, వేడికి జల్దీ పాడుగాదు. సాదా ఆయిల్ల 10డబ్ల్యూ50 లాంటి రెండు నంబర్ల నడుమ దూరం ఎక్కువున్నది దొరికితే మాత్రం జర ఆలోచించు. ఆ దూరం నిలబెట్టేతందుకు ఆయిల్ల పొడుగు పొడుగు పాలిమర్లు కలుపుతరు, బైక్ గేర్ల పండ్ల నడుమ అవి నలిగి తెగుతుంటయి, వెయ్యి రెండు వేల కిలోమీటర్లు తిరిగే వరకు 50 అన్నది 40 అయి కూర్చుంటది.

లీకుల మాట పూరా అబద్ధం కాదు. సింథటిక్ కొత్తగ లీకు పుట్టియ్యదు, ఎండిపోయిన గ్యాస్కెట్ కాడ మడ్డి కూరుకొని ఆపుతున్న లీకును కడిగి బయటపెడ్తది. పదిహేనేండ్లు దాటిన సీళ్లు ఉంటే మార్పించినంకనే సింథటిక్ దిక్కు చూడు.

ఇంకొకటి చూస్కో. నీ ఇంజన్ పక్కన ఆయిల్ కనిపించే అద్దం ఉంటది గదా, దాంట్ల లెవల్ తగ్గకుంట పెరుగుతున్నట్టు కనిపిస్తే సంబురపడకు. మూత తీసి వాసన చూడు, పెట్రోల్ వాసన కొడితే కార్బొరేటర్ నుంచి పెట్రోల్ కిందికి దిగుతున్నట్టు, పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ సూది అరిగినప్పుడు గట్ల అయితది. అప్పుడు నువ్వు 50 పోసినా 60 పోసినా లోపట నీళ్ల లెక్కనే ఉంటది. ముందు ఆ సూది మార్పించు, తర్వాత ఆయిల్. పికప్ కావాలంటే ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, సెట్ చేయించి, గాలి ఫిల్టర్ మార్పించు, షాద్‌నగర్ దాటేలోపే నీకు తేడా తెలుస్తది.

ప్రశ్న: హాలియ. దూరం పోతుంటే దారిల ఆయిల్ తక్కువైంది, వేరే కంపెనీది, వేరే గ్రేడ్ దొరికింది. కలపొచ్చా?

జవాబు: కలపొచ్చు. ఆయిల్ తక్కువతోని నడుపుడు కంటే వేరే ఆయిల్ కలుపుడు నూరు రెట్లు మేలు, ఫోర్ స్ట్రోక్ బైక్ ఆయిల్ అయితే చాలు, ఇంటికొచ్చినంక ఒక వారంల మొత్తం మార్చుండ్రి. టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ బండ్లల్ల పెట్రోల్‌తోని కలిసి కాలిపోయేది, మాత్రం ఎట్టి పరిస్థితిల పొయ్యకుండ్రి.

ప్రశ్న: వనపర్తి. మా మామది పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350 నాకు ఇచ్చిండు. మెకానిక్ గేర్ బాక్స్‌కు 90 నంబర్ అన్నడు. ఇంజన్‌కు 50, గేర్లకు 90 అంటే అంత చిక్కటిది పోస్తే గేర్లు కదుల్తయా? మల్ల నెల రోజులు ఆపి తీస్తే ఆయిల్ గేజ్‌ల అసలే కనిపిస్తలేదు, అర లీటర్ పోస్తే పొగ గుప్పుమన్నది.

జవాబు: మంచి బండి దొరికింది మీకు, జర తెలుసుకొని నడిపితే మీ పిల్లలు కూడ నడుపుతరు. దాంట్ల మూడు ఆయిళ్లు మూడు అరలల్ల ఉంటయి. ఇంజన్‌ల 20డబ్ల్యూ50, క్లచ్, ప్రైమరీ చైన్ ఉన్న కేసుల వేరేగ కొద్దిగ ఇంజన్ ఆయిలే, గేర్ బాక్స్‌ల 90. ఒకదాంట్ల పోస్తే ఇంకొకదాంట్లకు పోదు, మూడింటి మూతలు మూడు, కొత్త బుల్లెట్లల్ల గట్ల ఉండదు, అందుకే కొత్త పిల్లల షెడ్లల్ల ఒక్క ఇంజన్‌దే మార్చి పంపుతరు.

90 అని విని బుగులు పడకుండ్రి. గేర్ ఆయిల్ నంబర్లు, ఇంజన్ ఆయిల్ నంబర్లు రెండు వేరే వేరే కొలబద్దలు. 90 గేర్ ఆయిల్ 100 డిగ్రీల కాడ 13.5 నుంచి 18.5 లోపు ఉంటది, అంటే ఇంజన్ ఆయిల్ లెక్కల 40, 50 నడిమిట్లనే. పాత కాలం సేరు, కొత్త కాలం కిలో ఉన్నట్టు అనుకోండ్రి, నంబర్ పెద్దది కనిపించినంత మాత్రాన సరుకు ఎక్కువ ఉండదు. లోపలి మందులు మాత్రం వేరు, గేర్ ఆయిల్ ఇంజన్ల పొయ్యొద్దు.

ఆయిల్ కనిపించకపోవుడు, తర్వాత పొగ, రెండూ ఒకటే సంగతి. ఆ ఇంజన్ల ఆయిల్ పక్క అరల ఉంటది, పంపు దాన్ని క్రాంక్‌కు పంపి మల్ల ఎనకకు తెస్తది. బండి వారాల తరబడి నిలబడితే ఆ అరల ఆయిల్ మెల్లగ క్రాంక్ కిందికి దిగిపోతది, గేజ్ ఎండిపోయి కనిపిస్తది, మనం తక్కువైందనుకొని పోస్తం. స్టార్ట్ చెయ్యంగనే కిందిది, పోసినది అంత కలిసి పొంగి పొగయితది. ఈసారి నిలబెట్టిన బండి తీస్తే ముందు అయిదు నిమిషాలు నడిపి, బంద్ చేసి, అప్పుడు గేజ్ చూడుండ్రి. మీరు పోసిన అర లీటర్ దించెయ్యుండ్రి, చిక్కటి ఆయిల్ జోలికి పోయే అవసరమే లేదు.

ప్రశ్న: గద్వాల. 1994 ఆర్‌ఎక్స్ 100. ఎనక తెల్లగ నీలంగ మస్తు పొగ, టూటీ ఆయిల్ జల్దీ ఐపోతలేదు గని పొగ మాత్రం తగ్గలే. ఇంజన్ ఆయిల్ చిక్కటిది మార్చిన, లాభం లేదు.

జవాబు: మీరు ఇంజన్ ఆయిల్ అంటున్నది గేర్ బాక్స్ ఆయిల్ తమ్మీ. టూ స్ట్రోక్ బండిల పిస్టన్‌కు, క్రాంక్‌కు ఆయిల్ అందేది టూటీ డబ్బా నుంచి, పంపు దాన్ని పెట్రోల్‌తోని కలిపి లోపటికి పంపుతది, కాలిపోతది, మిగలదు. కింద మనం పోసే 600 మిల్లీ పైచిలుకు 20డబ్ల్యూ40 గేర్లకు, క్లచ్‌కు మాత్రమే. ఆ ఆయిల్‌కు పొగకు సంబంధమే ఉండొద్దు. ఉందంటే నడుమ గోడ కూలినట్టు. ఆ గోడ క్లచ్ వైపు క్రాంక్ సీల్. అది గట్టిబడి పగిలితే పిస్టన్ పైకి పోయిన ప్రతిసారి గేర్ ఆయిల్‌ని లోపటికి పీల్చి కాలుస్తది.

ఇట్ల చూడుండ్రి, గేర్ ఆయిల్ కొత్తది కొలిచి పొయ్యుండ్రి, ఒక 300 కిలోమీటర్లు తిరిగినంక దించి మల్ల కొలుచుండ్రి. 100 మిల్లీ మాయమైతే సీల్ పోయినట్టే, బయట ఎక్కడ చుక్క లీకు లేకుంట మాయమైందంటే ఇగ అనుమానమే లేదు. ఆర్‌ఎక్స్ 100లు 1996 తర్వాత రాలే, ఏ బండిల సీల్ అయినా ఇప్పుడు పాత రబ్బరే, రెండు వైపులా ఒకటేసారి మార్పిస్తే మల్ల మల్ల ఇప్పే పని తప్పుతది. టూటీ ఆయిల్ జాసో ఎఫ్‌సీ గుర్తున్నది తీస్కోండ్రి, పొగ తక్కువిస్తది.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ల మెకానిక్ పని నేర్చుకుంటున్న. మా ఉస్తాద్ గేజ్ మీద ఆయిల్ వేళ్ల నడుమ రుద్ది, నల్లగయ్యింది, నీళ్లయింది, మార్చాలె అంటడు. అట్ల చూసి చెప్పొచ్చా సార్?

జవాబు: ఉస్తాద్ చెయ్యి ఇన్నేండ్లు ఆయిల్ల నానిన చెయ్యి, ఆయనకు తెలిసేది నాకూ నీకూ తెలువదు. నేర్చుకునేటోనివి గనుక రెండు ముక్కలు చెప్త. నల్లగయినంత మాత్రాన ఆయిల్ పాడైనట్టు కాదు, మసిని కడిగి తనల కలుపుకునుడే దాని పని, 500 కిలోమీటర్లకే నల్లగైతది. వేళ్లతోని మందం చూసుడు కూడ నమ్మకం లేదు, 20డబ్ల్యూ40 ఆయిల్ 40 డిగ్రీల కాడ ఉన్నదానికీ 100 డిగ్రీల కాడ ఉన్నదానికీ ఎనిమిది తొమ్మిది రెట్లు తేడా, ఇంజన్ వేడి మీద రుద్దితే కొత్త డబ్బాల ఆయిల్ కూడ నీళ్లే అనిపిస్తది. రుద్దుడు దేనికి పనికొస్తదంటే గరుకు చూసేతందుకు. ఇసుక లెక్క తగిలితే, ఎండకు పట్టి చూస్తే వెండి పొడి మెరిస్తే, అప్పుడు కవర్ ఇప్పాల్సిందే. మార్పుకు కిలోమీటర్లే లెక్క. మాన్యువల్ల ఎంత ఉన్నా మన మట్టి రోడ్ల దుమ్ముల, బరువులు మోసే బండ్లకు 2500, 3000 దాటనియ్యొద్దు అని నా మాట.

డ్రెయిన్ బోల్ట్ బిగించేటప్పుడు పానాకు పైపు తగిలించి గుంజకు, కింద ఉన్నది అల్యూమినియం, మర పోతే గిరాకీ నీ మీద పడ్తడు. వాషర్ ప్రతిసారి కొత్తది ఎయ్యి. ఖాళీ డబ్బాలు మూత తోని సహా కోసి పారెయ్యి, మంచిగున్న డబ్బాలు జమచేసి కొనుక్కపోయి నకిలీ ఆయిల్ నింపి అమ్మేటోళ్లు ఉన్నరు. దించిన ఆయిల్ మోరీల పొయ్యకు, డ్రమ్ముల జమచెయ్యి, కొనుక్కపోయేటోళ్లు వస్తరు.

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర అంగన్‌వాడీ టీచర్‌ని. మా ఆయన పాత సీడీ డాన్ నేనే నడుపుత, ఇంటి నుంచి సెంటర్‌కు మూడు కిలోమీటర్లు పోను, మూడు రాను. ఆయిల్ మూత తీస్తే లోపట పాలు కలిపిన చాయ్ లెక్క ఉంది. పల్చటి ఆయిల్ వల్ల గట్ల అయ్యిందని ఇంకా చిక్కటిది పొయ్యిమన్నరు. పొయ్యమంటారా?

జవాబు: వద్దక్కా, ఆయిల్ల నీళ్లు కలిసినయి, మందానికి దీనికి సంబంధం లేదు. ఇంజన్ల పెట్రోల్ కాలినప్పుడు నీటి ఆవిరి కూడ పుడుతది, దాంట్ల కొద్దిగ రింగుల సందులకెల్లి కిందికి దిగుతది. బండి మంచిగ వేడెక్కితే ఆ ఆవిరి గాలి పైపు నుంచి బయటికి పోతది. మూడు కిలోమీటర్లకు ఇంజన్ అంత వేడెక్కదు, ఆవిరి లోపటనే సల్లబడి నీళ్లయి ఆయిల్ల కలుస్తది, వానకాలం, చలికాలం ఇంకా ఎక్కువ. చిక్కటి ఆయిల్ పోస్తే వేడెక్కేతందుకు ఇంకా ఎక్కువ సేపు పడుతది, మీ కష్టం పెరుగుతదే గని తగ్గదు. పట్టణాలల్ల ఇంటి నుంచి బజారుకే తిరిగే బండ్లన్నిటికీ ఇదే కథ. మీ లాంటి తిరుగుడుకు మాత్రం 10డబ్ల్యూ30 నే నేను పొయ్యమంట, జల్దీ పైకెక్కుతది, జల్దీ వేడెక్కుతది, బండి పొగ ఇస్తలేదు, ఆయిల్ తాగుతలేదు అంటే ఏ ఇబ్బంది ఉండదు.

ఉన్న ఆయిల్ వేడి మీద పూరా దించి కొత్తది పోపియ్యుండ్రి. మీ బండి కిలోమీటర్లు తక్కువ తిరుగుతది గనుక 3000 అయ్యే దాకా చూస్కుంట కూర్చోకుండ్రి, ఆర్నెల్లకొకసారి మార్పిస్తే చాలు. వారానికి ఒక్కసారి ఆదివారం గని, మీటింగ్‌కు మండలానికి పోయే రోజు గని ఆగకుంట 20 కిలోమీటర్లు పోనియ్యుండ్రి. బండి కడిగేటోళ్లు ప్రెషర్ నీళ్లు ఆయిల్ మూత కాడ, గాలి పైపు కాడ కొట్టకుంట చూసుకోండ్రి. రెండు నెలల తర్వాత మూత తీసి చూసినప్పుడు మల్ల చాయ్ రంగే ఉంటే ఆయిల్ మూత రబ్బరు రింగు, గాలి పైపు మూసుకపోయిందా అన్నది మెకానిక్‌తోని చూపియ్యుండ్రి, సంగతి నాకు రాయుండ్రి.